ఒక సైజు పెద్ద కెపాసిటర్

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా ఇంటికి వస్తే, చాయ్ తాగడం అయ్యాక తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. "మేడం, రెగ్యులేటర్‌కు ఎంత కెపాసిటర్ వెయ్యాలె?" వాళ్లకు ఒక అంకె కావాలి. రాసుకుపోదామని పెన్ను కూడా తీస్తారు. నేను అంకె చెప్పను. "ఎక్కడ పెడుతున్నవ్? పైననా, కిందనా?" అని తిరిగి అడుగుతాను. వాళ్లు నా మొహంలోకి చూస్తారు. ముసలామెకు మతి తప్పిందనుకుంటారు కాబోలు. అనుకోనీ.

పైన అంటే భూమి మీద. కింద అంటే గనిలో. గోదావరిఖనిలో ఈ రెండు మాటలకు అర్థం చెప్పే పని లేదు, బయటివాళ్లు కూడా చదువుతారేమోనని రాస్తున్నాను. నేను పనిచేసింది పైన. గనుల కంపెనీ ఎలక్ట్రానిక్స్ రిపేరు వర్క్‌షాపులో ఎనభైల మొదట్లో చేరాను, రిటైరయ్యేదాకా అదే బెంచీ. ఆ రోజుల్లో ఆడవాళ్లు గని లోపలికి దిగడానికి చట్టం ఒప్పుకునేది కాదు. కింద వాడే టెలిఫోన్లు, సిగ్నల్ గంటలు, మీటర్లు అన్నీ నా చేతుల మీదుగానే పోయి వచ్చేవి. నేను మాత్రం ఒక్కసారి కూడా అవి పనిచేసే చోటు చూడలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు, ఎవరి మీద ఎవరు పైకి ఫిర్యాదు చేశారన్నవి రాయను. అవి ఏ ఆఫీసులోనైనా ఒకటే. నాకు గుర్తున్నవి కెపాసిటర్లు. నవ్వకండి, మొత్తం చదివాక నవ్వొస్తే అప్పుడు నవ్వండి.

డ్రమ్ము

రెగ్యులేటర్ అంటే మూడు కాళ్ల చిన్న ముక్క. లోపలికి వచ్చే వోల్టేజీ ఎంత ఎగిరిపడినా బయటికి ఒకే తీరుగా పంపడం దాని పని. ఒంటరిగా ఆ పని దానివల్ల కాదు. ముందొక కెపాసిటర్, వెనకొక కెపాసిటర్ తోడుండాలి. మా క్వార్టర్లలో నల్లా దానికి ఇష్టమొచ్చినప్పుడు వచ్చేది, ఇష్టమొచ్చినప్పుడు పోయేది. అందుకే ప్రతి ఇంటి ముందర ఒక డ్రమ్ము ఉండేది. కెపాసిటర్ కరెంటుకు అలాంటి డ్రమ్ము. వచ్చినప్పుడు నింపుకుంటుంది, తగ్గినప్పుడు ఇస్తుంది. ఇంతకు మించిన థియరీ మీ పుస్తకాల్లో ఉంది.

నా మొదటి ఎండాకాలంలో, బొగ్గు లారీలు తూచే కాటా దగ్గర అంకెలు ఆడడం మొదలుపెట్టాయి. లారీ కదలకుండా నిలబడి ఉంటుంది, బరువు మాత్రం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. వెనక లారీల వరుస రోడ్డెక్కింది. డ్రైవర్లు దిగి నా చుట్టూ మూగారు. "ఆడపిల్లను తోలిన్రు, ఇగ అయినట్టే" అని ఒకడు నాకు వినపడేలాగే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. రెగ్యులేటర్ పీకి కొత్తది వేశాను. అంకెలు ఆడుతూనే ఉన్నాయి. ఇంకో కొత్తది వేశాను. ఊహూ.

మా వర్క్‌షాపు ఇన్‌చార్జి సత్యనారాయణ సారు స్కూటర్ మీద వచ్చారు. ఆయన మీటరు కూడా తీయలేదు. రెగ్యులేటర్ పక్కనున్న కెపాసిటర్ నెత్తి మీద వేలు పెట్టి తడిమారు.

"ఉబ్బింది చూడు సుజాతమ్మా. లోపల తడి ఆరిపోయింది. రామగుండం ఎండకు మనుషులే ఆగుతలేరు, ఇదేం ఆగుతది?"

కొత్త కెపాసిటర్ వేయగానే అంకె గోడకు కొట్టినట్టు నిలబడిపోయింది. నేను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను. గోళీకాయంత డబ్బా ఎండిపోతే ఇన్ని లారీలు ఆగిపోతాయా అని నమ్మబుద్ధి కాలేదు. ఆ రోజే సారు తన సూత్రం చెప్పారు. "ఉన్నదాని మీద ఒక సైజు పెద్దది వెయ్. మళ్ల ఎండాకాలం దాంక ఫికర్ ఉండది."

ఆ సూత్రం తప్పని అనను. కాటాకు, ఆఫీసు ఇంటర్‌కమ్‌కు, దవాఖానలో స్టెబిలైజర్‌కు, అన్నిటికీ పనిచేసింది. వేడికి ఎక్కువ ఓర్చుకునే రకం తీసుకోండి, వోల్టేజీ రేటింగు చేతిలో కొంత ఉంచుకుని ఎంచుకోండి, రెగ్యులేటర్ కాళ్లకు దగ్గరగా అతకండి. పైన పనిచేసేవాళ్లకు నేను ఇప్పటికీ ఇదే చెబుతాను.

ఫారిన్ మాల్

మా బెంచీ మీద నా పక్కన కూర్చునేది అఫ్జల్ భాయ్. టంకం వేయడంలో ఆయన చేతికి తిరుగులేదు. మంచి సరుకంటే మాత్రం పిచ్చి. పాత విదేశీ సెట్లు తుక్కుకు పోతుంటే వాటిలోంచి ముక్కలు ఊడదీసి డబ్బాల్లో దాచుకునేవాడు.

తొంభైల్లో కొత్త రకం రెగ్యులేటర్లు రావడం మొదలైంది. బ్యాటరీ బాగా దిగిపోయినా చివరిదాకా పనిచేసే రకం. ఒక సెట్టులో వేస్తూ అఫ్జల్ భాయ్ తన డబ్బాలోంచి ఒక కెపాసిటర్ తీశాడు. "ఫారిన్ మాల్ మేడం, అసలు సరుకు. ఇది వేస్తే మళ్ల ముట్టుకునే పనుండది" అన్నాడు. స్విచ్చి వేయగానే సెట్టు సన్నగా ఈల వేసింది. వోల్టేజీని తెర మీద గీసి చూపించే స్కోపు పెట్టి చూస్తే, గీత గీసినట్టు ఉండాల్సిన వోల్టేజీ అలలు అలలుగా ఊగుతోంది. అఫ్జల్ భాయ్ మొహం వాడిపోయింది. దాన్ని తీసేసి, ఊళ్లో దొరికే మామూలు కెపాసిటర్ వేశాం. ఈల ఆగిపోయింది.

మంచిది వేస్తే చెడిపోవడమేమిటని ఇద్దరం బిత్తరపోయాం. తర్వాత తెలిసింది. మామూలు కెపాసిటర్‌లో కరెంటుకు కొంచెం అడ్డు ఉంటుంది. ఆ రెగ్యులేటర్ చేసినవాడు ఆ కొంచెం అడ్డును కూడా నమ్ముకుని లెక్క వేశాడు. మరీ మంచి కెపాసిటర్‌లో అది లేదు. దాంతో రెగ్యులేటర్ తనంతట తానే ఊగడం మొదలుపెట్టింది.

ఆ రోజు మేము నేర్చుకోవాల్సింది ఒకటి, నేర్చుకున్నది ఒకటి. చేసినవాడు ఏ కెపాసిటర్ పెట్టాడో దానికో కారణం ఉంటుంది, మార్చేముందు ఆ కారణం అడగాలి. ఇది నేర్చుకోవాల్సింది. ఈ కొత్త రెగ్యులేటర్లు పెంకివి అని మాత్రమే అనుకుని చాయ్‌కు వెళ్లిపోయాం.

టప్

ఇప్పుడు మా వర్క్‌షాపు ఆచారం ఒకటి చెప్పాలి. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో కొంత నిలిచే ఉంటుంది, డ్రమ్ములో నీళ్లలాగే. ఒకసారి పెద్ద స్టెబిలైజర్ విప్పుతూ అఫ్జల్ భాయ్ చెయ్యి తగిలి కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. అప్పటినుంచి సత్యనారాయణ సారు ఒక నియమం పెట్టారు. ఏ సెట్టు విప్పినా, అందులో ఎంత చిన్న కెపాసిటర్ ఉన్నా, ముందు దాని రెండు కాళ్ల మీద స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టాలి. టప్ అని చిన్న నిప్పు లేస్తుంది. ఖాళీ అయిపోయిందన్న మాట. ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి.

మాకు అది చెప్పులు విడిచి ఇంట్లోకి అడుగుపెట్టినంత అలవాటైపోయింది. రోజంతా వర్క్‌షాపులో టప్, టప్ అని వినపడుతూనే ఉండేది. కింద పనిచేసే టెలిఫోన్ మెకానిక్కులు ట్రైనింగుకు మా దగ్గరికి వస్తే వాళ్లకు మొదట నేర్పేది కూడా అదే.

అలా వచ్చినవాడే మల్లేశం. గోదావరి అవతల, జైపూర్ దగ్గర పల్లె వాళ్లది. తండ్రి ఎడ్లు అమ్మేసి గనిలో చేరాడు, తండ్రి తర్వాత కొడుకు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి, మాటకు ముందు నవ్వు. భార్య నీళ్లోసుకుందని ట్రైనింగు చివరి రోజు అందరికీ మిఠాయి పంచాడు. ఆ దసరాకు వర్క్‌షాపులో ఆయుధపూజ చేసినప్పుడు, కుంకుమ బొట్టు పెట్టిన ఎర్రపిడి స్క్రూడ్రైవర్ ఒకటి సారు అతని చేతికిచ్చారు.

"ముందు ఇది పెట్టాలె, తర్వాతనే చెయ్యి పెట్టాలె. యాదుంచుకో."

"మర్వను సార్" అన్నాడు మల్లేశం, దాన్ని కళ్లకద్దుకుని. నిజంగానే మరవలేదు.

నల్ల ముద్ద

కింద వాడే టెలిఫోన్ పైన వాడే దానిలా ఉండదు. బరువైన ఇనప డబ్బా, లోపల మాటను పెంచే చిన్న సర్క్యూట్, దానికో రెగ్యులేటర్. అయితే ఆ రెగ్యులేటర్ పక్కన ఉండాల్సిన కెపాసిటర్ మాత్రం కంటికి కనపడేది కాదు. దాన్ని ఒక నల్ల ముద్దలో పాతిపెట్టేశారు. లక్కలాగా గట్టిపడిన ముద్ద.

"కంపెనోడు మన కంట పడకుండ దాసుకున్నడు మేడం. రిపేరు మనం చేసుకుంటే వాని దుకాణం ఎట్ల నడుస్తది?" అని అఫ్జల్ భాయ్ తేల్చేశాడు. మాకందరికీ అది సబబుగానే తోచింది. అప్పట్లో బయటి కంపెనీల మీద మా అభిప్రాయం అలాగే ఉండేది.

మల్లేశం మా దగ్గరికి రావడానికి కొన్నేళ్ల ముందే అతని గనిలో ఫోన్లు గుయ్యిమనడం మొదలుపెట్టాయి. అవతలి మనిషి మాట వినపడదు, తేనెటీగల రొద వినపడుతుంది. గనిలో మాట వినపడకపోతే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. మేనేజర్ మా సారుకు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాడు. సారు తన సూత్రమే చెప్పారు. ముద్ద తవ్వండి, లోపలిది పీకండి, ఒక సైజు పెద్దది వేయండి.

అఫ్జల్ భాయ్ టంకం కడ్డీతో ముద్దను కరిగించి, ఉలితో చెక్కి తీశాడు. లోపల చూస్తే శనగగింజంత కెపాసిటర్. దాని వెంట ఒక రెసిస్టర్. "ఇంత పిసినారోళ్లేందో" అని అందరం నవ్వాం. ఆ రెండూ పీకేసి బొటనవేలంత కెపాసిటర్ బయటికే అతికాం. రొద చాలా తగ్గింది. మేనేజర్ మళ్లీ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఆ తర్వాత రిపేరుకు వచ్చిన ప్రతి సెట్టుకూ అదే వైద్యం. అఫ్జల్ భాయ్ వేశాడు, నేను వేశాను, మా తర్వాత చేరినవాళ్లు వేశారు. ఒక సైజు రెండు సైజులైంది, రెండు మూడైంది. ఆమోదం పొందిన సెట్టును మార్చకూడదని రూలు ఉండేది. అది ఉందని అందరికీ తెలుసు, ఎందుకుందో మాలో ఒక్కరికీ తెలియదు.

గ్యాస్ డబ్బా

గనిలో కొత్తగా చేరేవాళ్లకు ట్రైనింగ్ సెంటర్ ఉంటుంది. కిందికి దిగేముందు ప్రతి మనిషీ అక్కడ కూర్చోవాలి. అక్కడ గ్యాస్ అంటే ఏమిటో కళ్లారా చూపిస్తారు. బొగ్గులోంచి వచ్చే గ్యాస్‌కు రంగు లేదు, వాసన లేదు. తగినంత గాలితో కలిస్తే మాత్రం ఒక్క నిప్పురవ్వ చాలు. మా వర్క్‌షాపువాళ్లు కిందికి దిగరు కాబట్టి మమ్మల్ని అక్కడికి ఎవరూ పంపలేదు. ఎవరికీ ఆ ఆలోచన కూడా రాలేదు. గ్యాస్ చూసినవాళ్లకు కెపాసిటర్ తెలియదు, కెపాసిటర్ వేసేవాళ్లం గ్యాస్ చూడలేదు. ఇది ఇప్పటికీ తలుచుకుంటే నాకు చెమట పడుతుంది.

ఒక రోజు ఆ సెంటర్లో గ్యాస్ చూపించే డబ్బా పనిచేయడం లేదని కబురొచ్చింది. పొద్దున వర్క్‌షాపుకు వచ్చిన ఫోన్లు మాట్లాడి బయల్దేరాను. వాటిలో ఒకటి మల్లేశం చేసింది.

"మేడం, లోపలి సెట్టు మళ్ల గుయ్యిమంటుంది. ఇయ్యాల ఆడనే విప్పి చూస్త."

"చూడు. ముందు కెపాసిటర్ షార్ట్ చెయ్, మర్చిపోకు" అన్నాను. పైలం, జాగ్రత్త అన్నట్టు, నోటికి అలవాటైన మాట.

సెంటర్లో క్లాసులు చెప్పేది రాజలింగు సారు. చాలా ఏళ్లు కింద ఓవర్‌మన్‌గా, అంటే గనిలో ఒక భాగానికి షిఫ్టు పెద్దగా చేసి పైకి వచ్చినవాడు. బెంచీల మీద కొత్త కుర్రాళ్లు కూర్చుని ఉన్నారు. డబ్బా అంటే మూత లేని ఇనప పెట్టె, నోటికి పాత పేపరు గట్టిగా కట్టి ఉంది. లోపల నిప్పు పుట్టించే ఏర్పాటు. పెట్టె బయట పక్కనే ఉన్న దాని పవర్ సప్లై పోయింది. చూస్తే అదే రెగ్యులేటర్, అదే ఎండిపోయిన కెపాసిటర్. నా సంచిలో కొత్తవి ఉన్నాయి. ఆ వారం టెలిఫోన్లకు వేసిన అట్టపెట్టెలోవే. ఒకటి వేశాను. రాజలింగు సారు పెట్టెలోకి గ్యాస్ వదిలి, కుర్రాళ్లను వెనక్కి జరగమని బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. ఇంకెక్కడో వైరు తెగింది.

"ఉండండి సార్, చూస్తాను" అని కరెంటు తీసేశాను. చెయ్యి దానంతట అదే స్క్రూడ్రైవర్ తీసి కెపాసిటర్ వైపు వెళ్లింది.

రాజలింగు సారు నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. నొప్పి పుట్టింది. "ఏం చేస్తున్నవమ్మా! పెట్టె నిండ గ్యాస్ ఉన్నది!"

"కరెంటు తీసేశాను కదా సార్. ఇది ఉత్త కెపాసిటర్. చిన్న టప్ అంటుంది, అంతే."

"చిన్నదంటే ఎంత?"

 ఎంతో నేనెప్పుడూ కొలవలేదు. ఆయన, "సరే, చూద్దాం పట్టు" అన్నాడు. కెపాసిటర్ కాళ్లకు రెండు పొడుగు వైర్లు కట్టించి, పెట్టె పక్కనున్న రంధ్రంలోంచి వాటి కొసలు లోపలికి పంపాడు. అందర్నీ దూరంగా నిలబెట్టి, కర్రముక్కతో ఒక కొసను రెండోదానికి తాకించాడు.

దడాలుమంది. పేపరు ముక్కలై రేకుల కప్పుకు కొట్టుకుంది. నీలం మంట ఒక్క క్షణం నిలువెత్తు లేచి పోయింది. చెవులు గింగుర్లెత్తాయి. కుర్రాళ్లు చప్పట్లు కొట్టి నవ్వారు. వాళ్లకది తమాషా.

నేను నవ్వలేదు. ఆ కెపాసిటర్ ఎంతదో నాకు తెలుసు. దానిలో ఎన్ని వోల్టులు నిలిచి ఉన్నాయో తెలుసు, టెలిఫోన్ లైన్లో ఉన్నన్నే. నల్ల ముద్ద అప్పుడు నాకు అర్థమైంది. సెట్టు చేసినవాడు దాన్ని మా నుంచి దాచుకోలేదు. నిప్పు లేచినా గ్యాస్ అంటుకోనంత చిన్న కెపాసిటర్ లెక్క వేసి పెట్టాడు, దూకుడు తగ్గడానికి రెసిస్టర్ తగిలించాడు, ఎవరి స్క్రూడ్రైవరూ తగలకుండా ముద్దలో పాతిపెట్టాడు. మేము దాన్ని ఉలితో తవ్వి తీశాం. అది చాలక, స్క్రూడ్రైవర్ పెట్టమని మనుషులకు నేర్పాం.

 "సార్, మల్లేశం" అన్నాను. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. ఏ చోట సెట్టు అని అడిగాడు, చెప్పాను. ఆయన మొహంలో రక్తం దిగిపోయింది.

"ఆడ కప్పుకు గ్యాస్ తగుల్తది బిడ్డా. నేను చేసినప్పుడు గూడ చూసిన."

ఇంక్లైన్ మొగదల

ఆయన గనికి ఫోన్ చేశాడు. పైనున్న ఆపరేటర్ కింద దారి మొదట్లో ఉండే మనిషికి కలిపాడు. మల్లేశం లోపలికి పోయి చాలాసేపైందన్నాడు అతను. లోపలి సెట్టుకు కలపమన్నాం. లైను చచ్చి ఉంది. లైను చచ్చి ఉందంటే సెట్టు తీగలు ఊడదీశాడన్నమాట. అంటే విప్పేశాడు, లేదా విప్పుతున్నాడు. వీలైనంత జల్దిగా ఒక మనిషిని ఉరికించమని, సెట్టులో చెయ్యి పెట్టవద్దని చెప్పమని రాజలింగు సారు కేకేశాడు. నేను జీపెక్కి కూర్చున్నాను, ఆయన నా పక్కన.

మల్లేశం గనికి లిఫ్టు లేదు. ఏటవాలుగా భూమిలోకి దిగే సొరంగం, మనుషులు నడిచి పోతారు, నడిచి వస్తారు. దాన్ని మేము ఇంక్లైన్ అంటాం. దాని మొగదల ఒక గీత దగ్గర నేను ఆగిపోవాలి. రాజలింగు సారు ఆఫీసులోకి పరుగెత్తాడు. నేను అక్కడ నిలబడి ఆ చీకట్లోకి చూస్తున్నాను. లోపలినుంచి చల్లటి గాలి మొహానికి తగులుతోంది. ఇన్నేళ్లు దీనికోసమే పనిచేశాను, ఇది ఎలా ఉంటుందో ఇప్పుడు చూస్తున్నాను అనిపించింది. ఏ క్షణాన ఏం వినాల్సి వస్తుందోనని చెవులు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు. మల్లేశం భార్యకు నెలలు నిండుతున్నాయన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

కింద దూరంగా ఒక లైటు కనిపించింది. ఊగుతూ, నెమ్మదిగా పైకి వస్తోంది. దాని వెనక ఇంకొకటి. ముందు మల్లేశం, భుజం మీద టెలిఫోన్ సెట్టు. వెనక ఉరికి వెళ్లినవాడు, రొప్పుతూ.

"మేడం! మీరేందిక్కడ? ఎవరికన్న ఏమన్న అయిందా?"

"సెట్టు విప్పినవా?"

"విప్పిన."

"స్క్రూడ్రైవర్ పెట్టినవా?"

"పెట్టకుంట ఎట్ల? పొద్దుగాల మీరే చెప్తిరి." బొగ్గు మొహంలో పళ్లు తెల్లగా మెరిశాయి. "ఈసారి కెపాసిటర్ గట్టిది వేసిన్రు మేడం. నిప్పు మంచిగ లేసింది."

నన్ను మెచ్చుకోవడానికే అన్నాడా మాట. అప్పటికి ఆఫీసులోంచి వచ్చిన రాజలింగు సారు మెట్టు మీద కూర్చుండిపోయాడు. "గ్యాస్ లేదా ఆడ?" అని నెమ్మదిగా అడిగాడు.

"నిన్న ఉండె సార్. గాలి తిరిగెతందుకు పరదా కట్టిన్రు, ఇయ్యాల లేదు" అన్నాడు వెనకవాడు.

నిన్న ఉంది, ఇవాళ లేదు. మల్లేశం నిన్న విప్పి ఉంటే?  ఏడుపు వచ్చింది, అందరి ముందరే ఏడ్చేశాను. మల్లేశం కంగారుపడి, తలదీపాలు ఇచ్చే లాంపు రూములోంచి నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

ఏం కాలేదు కదా

వర్క్‌షాపుకు పోయి సత్యనారాయణ సారుకు చెప్పాను. ఆయన చేతిలో పని పక్కన పెట్టేశారు. తర్వాత, "నేనే చెప్పిన కదమ్మా, పెద్దది వెయ్యిమని" అన్నారు. ఇంకాసేపటికి, "ఎన్ని సెట్లకు వేసినం?" అని అడిగారు. అఫ్జల్ భాయ్ నా వంక చూశాడు, నేను ఆయన వంక చూశాను. మాకు తెలియదు.

సారు మోకాళ్లు అప్పటికే అరిగిపోయాయి. అయినా మర్నాటినుంచి తానే కిందికి దిగారు. గని గనికీ తిరిగి, మేము ముట్టిన సెట్లన్నీ పైకి తెప్పించారు. ఒకరిని పంపితే సరిపోతుందని ఎంత చెప్పినా వినలేదు. నేను చూసిన పెద్దల్లో ఆయనే పెద్ద తప్పు నేర్పారు, ఆయన మీదే నాకు అందరికన్నా గౌరవం. ఫోన్ల రొదకు అసలు కారణం కూడా ఆయనకే దొరికింది. టెలిఫోన్ లైను కొంత దూరం మోటారు కేబుల్‌ను ఆనుకుని పోతోంది. దాన్ని అవతలి గోడకు మార్చగానే రొద ఆగిపోయింది. కెపాసిటర్ ముట్టాల్సిన పనే లేదు.

పైఅధికారి ఒకాయన మమ్మల్ని పిలిచి అంతా విని, "ఏం కాలేదు కదా? ఇగ దాన్ని పెద్దగ చెయ్యకండి" అన్నాడు. నా ఉద్యోగ జీవితం మొత్తంలో నన్ను ఇంత భయపెట్టిన మాట ఇంకొకటి లేదు. మీరు ఆ మాట అనకండి, అంటే ఊరుకోకండి. ఆ తర్వాత రాజలింగు సారు పట్టుబట్టి మా వర్క్‌షాపువాళ్లందర్నీ గ్యాస్ డబ్బా ముందు కూర్చోబెట్టాడు. అఫ్జల్ భాయ్ ఆ చప్పుడు విని బయటికి నడిచి, గోడకు మొహం పెట్టి నిలబడ్డాడు.

ఆఖరి సెట్టు మల్లేశమే మోసుకొచ్చాడు. అప్పటికి ఆడపిల్ల పుట్టింది, మళ్లీ మిఠాయి తెచ్చాడు. ఇకనుంచి కింద సెట్టు విప్పే పనే లేదని, పైకి తెస్తే చాలని చెప్పి, ఆ స్క్రూడ్రైవర్ ఇచ్చేయమన్నాను. ఎందుకు మేడం, పూజ చేసి ఇచ్చింది కదా అని కొంచెం నొచ్చుకుంటూనే జేబులోంచి తీశాడు. ఎర్రపిడి మెరుస్తోంది, బాగా తుడిచి పెట్టుకునేవాడు. కొన మాత్రం సాఫుగా లేదు. నల్లటి చిన్న చిన్న గుంటలు, పురుగు తిన్నట్టు, ఒకదాని మీద ఒకటి. నిప్పు లేచిన ప్రతిసారీ ఇనుము అంత కరుగుతుంది. ఆ గుంటల మీద వేలు పెట్టి అడిగాను.

"ఇవన్నీ ఎక్కడ పడ్డయి మల్లేశం?"

"అన్ని కిందనే మేడం" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు. "పైన నాకేం పని?"